బ్రిటన్ నుంచి యూరప్‌కి ప్రోగ్రాంకి వెళ్తున్నారా? బ్రెగ్జిట్ తర్వాత కాగితాల పని ఇలా చేసుకోండి

"అన్నా, ప్యారిస్‌లో ప్రోగ్రాం ఉంది. శుక్రవారం రాత్రి బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటాం. మృదంగం నువ్వే."

2020 దాకా ఇలాంటి ఫోన్ వస్తే నేను అడిగేవి రెండే: శ్రుతి ఎంత, బండి ఎవరిది. ఇప్పుడైతే ముందు పాస్‌పోర్టులు అడుగుతాను. ప్రోగ్రాం ఒప్పుకోవడం ఆ తర్వాతి సంగతి.

2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) లోంచి బయటికొచ్చింది. ఆ డిసెంబర్ 31తో పాత సౌకర్యాలు కూడా ఆగిపోయాయి. 2021 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన వాణిజ్య ఒప్పందంలో, పర్మిట్ లేకుండా కొద్దిరోజులు పనిమీద వచ్చిపోయేవాళ్ళ జాబితా ఒకటుంది. ఆ జాబితాలో పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు, వాయించేవాళ్ళు లేరు. తప్పు మీదంటే మీదని రెండు వైపులవాళ్ళూ అనుకున్నారు. 2025 మేలో లండన్‌లో జరిగిన సమావేశంలో కళాకారుల రాకపోకలకి విలువ ఉందని ఒక మంచి వాక్యం రాసుకున్నారు కానీ, దానివల్ల సరిహద్దు దగ్గర మనకి తగ్గిన కాగితం ఒక్కటీ లేదు.

కాబట్టి మన పని మనమే చేసుకోవాలి. బ్రిటన్‌లో ఉంటూ చిన్న స్థాయిలో ప్రోగ్రాంలు చేసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకి ఆరుగురి కూచిపూడి బృందాన్ని తీసుకుందాం: ఇద్దరు నర్తకులు, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వీణ. లండన్ నుంచి వాన్‌లో ప్యారిస్, అక్కణ్ణుంచి ఫ్రాంక్‌ఫర్ట్, చివరికి బార్సిలోనా.

మొదటి పని: ఎవరిది ఏ పాస్‌పోర్టో రాయండి

ఒక కాగితం మీద ఆరు పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, బ్రిటన్‌లో ఏ వీసా మీద ఉన్నారు అన్నవి వేయండి. మన బృందాల్లో బ్రిటిష్ పాస్‌పోర్టువాళ్ళు, ఇండియన్ పాస్‌పోర్టుతో శాశ్వత నివాసం ఉన్నవాళ్ళు, ఉద్యోగ వీసావాళ్ళు కలిసే ఉంటారు. "మనం ఆరుగురం" అనుకుంటాం గానీ సరిహద్దు దగ్గర అవి మూడు వేర్వేరు కేసులు.

బ్రిటిష్ పాస్‌పోర్టు అయితే షెంగెన్ దేశాలకి (తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాలు) కొద్దిరోజుల ప్రయాణానికి వీసా అక్కర్లేదు. కాకపోతే పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే రోజు తర్వాత కూడా కనీసం మూడు నెలలు చెల్లాలి. పాత పాస్‌పోర్టులో మిగిలిన నెలలు కలిపి పదేళ్ళ తొమ్మిది నెలలకి ఇచ్చినవి ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. గడువు తేదీ ఒక్కటే చూసుకుని అలాంటి పాస్‌పోర్టుతో విమానాశ్రయం దాకా వెళ్ళి వెనక్కి తిరిగినవాళ్ళు ఉన్నారు.

ఇండియన్ పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా కావాలి. ఇది బ్రెగ్జిట్ తెచ్చిన కష్టం కాదు. బ్రిటన్ ఎప్పుడూ షెంగెన్‌లో లేదు కాబట్టి ముందూ కావాల్సిందే. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పదిహేను రోజుల్లో తేల్చాలని రూలున్నా 45 రోజులు కూడా పట్టొచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణ కారణం అడిగినచోట సాంస్కృతిక కార్యక్రమం అనే రాయండి, ఆహ్వాన పత్రం జత చేయండి. టూరిస్టు అని రాసి, సూట్‌కేసులో గజ్జెలు, నగలు పెట్టుకుని వెళ్ళడం మంచిది కాదు.

ఇంకో మాట, చాలామంది దీన్ని దాటేస్తారు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు బ్రిటన్‌లో డబ్బు తీసుకుని ప్రదర్శనలు ఇవ్వకూడదు, సొంత వృత్తి కూడా చేయకూడదు. స్కిల్డ్ వర్కర్ వీసా కూడా సొంత వృత్తి కోసం ఇచ్చింది కాదు. వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం కచేరీ అన్నట్టుండే మనవాళ్ళు టూర్ ఒప్పుకునే ముందే ఇది తేల్చుకోవాలి. తర్వాత చెప్పబోయే ఎ1 సర్టిఫికెట్ (సామాజిక భద్రత చందా బ్రిటన్‌లోనే కడుతున్నామని చూపే కాగితం) దగ్గర ముడి పడేది ఇక్కడే.

రోజుల లెక్క

షెంగెన్ ప్రాంతంలో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకొస్తాయి. "మూడు నెలలు ఉండి, మూడు నెలలు ఆగితే సరి" అని తేలిగ్గా అనుకోకండి. ఇవాళ్టి నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి, అందులో ఎన్ని రోజులు అక్కడ ఉన్నారో చూడాలి. రేపు మళ్ళీ రేపటి నుంచి వెనక్కి.

మార్చి 1 నుంచి 20 దాకా ఉన్నారు, అవి 20. మే 10 నుంచి జూన్ 18 దాకా ఉన్నారు, అవి 40. మొత్తం 60 అయ్యాయి. ఇక ఆగస్టు 27 దాకా మీ చేతిలో ఉన్నవి 30 రోజులే. మార్చి 1 లెక్కలోంచి జారిపోయేది ఆగస్టు 28న.

పిల్లల్ని తీసుకుని స్పెయిన్‌లో గడిపిన వారం కూడా ఇందులో భాగమే. పని వేరు, విహారం వేరు అని ఈ లెక్కకి తెలియదు. ఇదివరకు స్టాంపులు చూసి అధికారి వేళ్ళమీద లెక్కపెట్టేవాడు. 2025 అక్టోబర్ 12 నుంచి మొదలైన ఈఈఎస్ (ఎంట్రీ/ఎగ్జిట్ సిస్టం) పద్ధతిలో వేలిముద్రలు, ఫొటో తీసుకుని కంప్యూటరే లెక్కేస్తోంది. మొదటిసారి నమోదుకి క్యూలో టైం పడుతుంది, కాబట్టి ఆరుగురితో వెళ్ళేటప్పుడు ప్రోగ్రాం రోజునే సరిహద్దు దాటే ప్లాన్ వేసుకోకండి.

ఐర్లండ్ షెంగెన్‌లో లేదు. డబ్లిన్‌లో గడిపిన రోజులు ఈ 90లోకి రావు. బ్రిటిష్ పౌరులకి అక్కడ పనికి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టుకి మాత్రం ఐర్లండ్ వీసా సంగతి విడిగా చూసుకోవాలి.

ఏ దేశంలో వాయించడానికి ఏం కావాలి

దేశంలోకి వెళ్ళనివ్వడం వేరు, అక్కడ పనిచేయనివ్వడం వేరు. బ్రెగ్జిట్ తర్వాత వచ్చిన అసలు తలనొప్పి ఇదే. 27 దేశాలకి 27 రూళ్ళు. మన మూడు ఊళ్ళనే చూడండి.

ఫ్రాన్స్‌లో కళా ప్రదర్శనలకైతే 90 రోజుల దాకా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. వినడానికి హాయిగా ఉంది. కానీ ఫ్రెంచ్ చట్టం ప్రకారం స్టేజి ఎక్కే కళాకారుణ్ణి ఆర్గనైజర్ దగ్గర ఉద్యోగిగానే లెక్కిస్తారు. ఈయూ దేశాల్లో సొంత వృత్తిగా నమోదైనవాళ్ళకి దీన్నుంచి మినహాయింపు ఉంది, బ్రిటన్ బయటికి రావడంతో మనకి అది పోయింది. అంటే మీరు ఇన్‌వాయిస్ పంపితే ఆర్గనైజర్ డబ్బు వేసేసి చేతులు దులుపుకోవడం కుదరదు. మీకు జీతం చీటీ ఇవ్వాలి. అప్పుడప్పుడు మాత్రమే ప్రోగ్రాంలు పెట్టే సంఘాల కోసం గ్యుసో అని అక్కడి ప్రభుత్వ సర్వీసు ఉంది, దాని ద్వారా చేయొచ్చు. ప్యారిస్‌లో ఉగాది సంబరాలు పెట్టే సంఘానికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే ముందు అడగండి.

జర్మనీలో కళాత్మక విలువ ఉన్న ప్రదర్శనలకి పన్నెండు నెలల్లో 90 రోజుల దాకా అనుమతి అక్కర్లేదు. మామూలు ఒకరోజు ప్రోగ్రాంలకి ఏడాదికి 15 రోజులు. మీది మొదటి రకమేనని ఆర్గనైజర్ ఆహ్వాన పత్రంలో రాయిస్తే మంచిది: ఏ నృత్యం, ఏ అంశాలు, ఎవరెవరు, ఏ తేదీ.

స్పెయిన్ మొదట్లో మహా కష్టంగా ఉండేది. బ్రిటన్ సంగీత సంఘాలు గట్టిగా పట్టుబట్టాక 2021 నవంబర్‌లో స్వల్పకాలిక ప్రదర్శనలకి ఆ వీసా బాధ తీసేశారు.

మిగతా దేశాలకి మ్యుజీషియన్స్ యూనియన్ దేశాలవారీగా సమాచారం పెడుతుంది. సభ్యత్వం తీసుకోండి. చందా ఖర్చు ఒక్క టూర్‌లోనే తిరిగొస్తుందని నా అనుభవం.

ఎ1 సర్టిఫికెట్

నేను బ్రిటన్‌లోనే నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా) కడుతున్నాను, ఇక్కడ మళ్ళీ పట్టుకోవద్దు అని చెప్పే కాగితం ఇది. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఇస్తుంది. ఇది లేకపోతే ప్రోగ్రాం చేసే దేశపు సామాజిక భద్రత చందా మీ ఫీజులోంచే పోవచ్చు, ఫ్రాన్స్‌లో అది చిన్న మొత్తం కాదు. మనిషికో సర్టిఫికెట్ కావాలి. రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అందుకే తేదీలు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టేయండి.

వాద్యాలు, సామాను

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

మీ వెంట మీరే తీసుకెళ్ళే వాద్యం, అంటే భుజాన మృదంగం, చేతిలో వేణువు లాంటివి, వాయించి తిరిగి తెచ్చుకునేవైతే కార్నే (కింద చెప్పబోయే కస్టమ్స్ పత్రం) అక్కర్లేదు. కస్టమ్స్ దగ్గర చూపించాల్సినవి లేనివాళ్ళు వెళ్ళే గ్రీన్ చానెల్‌లోంచి నడిచిపోవచ్చు. నేనైతే కొన్నప్పటి రశీదు, నాలుగు ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుంటాను. మృదంగం కేసు తెరిపించి ఇదేమిటని అడిగినవాళ్ళు ఉన్నారు గానీ, ఒకసారి వాయించి చూపిస్తే నవ్వి పంపేశారు.

సౌండ్ మిక్సర్, స్పీకర్లు, లైట్లు, స్టేజి వెనక కట్టే తెరలు, నటరాజ విగ్రహం ఇలాంటివి వాన్‌లో వేసుకుంటే కథ మారుతుంది. వాటికి ఏటీఏ కార్నే తీసుకోవడం క్షేమం. సామానుకి పాస్‌పోర్టు లాంటిది ఇది. లండన్ చాంబర్ ఆఫ్ కామర్స్ లాంటి సంస్థలు ఇస్తాయి, ఏడాది చెల్లుతుంది. ఫీజు వందల పౌండ్లలో ఉంటుంది, ఆపైన సామాను విలువని బట్టి పూచీ మొత్తం.

జాబితా రాయడంలో బద్ధకించకండి. "దుస్తులు - 1 పెట్టె" అంటే చాలదు. ఎన్ని, ఏ రకం, బరువు, విలువ, ఎక్కడ తయారైంది, సీరియల్ నంబర్ ఉంటే అది. గజ్జెలు 4 జతలు, తరంగానికి ఇత్తడి పళ్ళెం 2, నట్టువాంగం తాళాలు 1 జత, ఇలా. ఒకసారి కార్నే తయారయ్యాక కొత్త వస్తువు చేర్చడం కుదరదు. వాడితే అయిపోయేవి ఇందులో రాయకూడదు. మృదంగం ఎడమ వైపుకి పెట్టే రవ్వ పొట్లం జాబితాలో వేయబోయిన మహానుభావుణ్ణి నేనే.

ఇక స్టాంపులు. బ్రిటన్ దాటేటప్పుడు ఒకటి, ఈయూలో అడుగుపెట్టేటప్పుడు ఒకటి, ఈయూ వదిలేటప్పుడు ఒకటి, బ్రిటన్‌లో దిగినప్పుడు ఒకటి. నాలుగూ పడాలి. డోవర్ వైపు వాన్‌లో వెళ్ళేవాళ్ళు ఆష్‌ఫర్డ్ దగ్గర సెవింగ్టన్ కేంద్రంలో ఆగి వేయించుకోవచ్చు. ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ మధ్య తిరిగేటప్పుడు స్టాంపులు అక్కర్లేదు, ఈయూ అంతా ఒకే కస్టమ్స్ ప్రాంతం.

మా బృందం ఒకసారి తిరుగు ప్రయాణంలో ఫ్రాన్స్ రేవు కలే చేరేసరికి రాత్రి రెండయింది. అందరూ నిద్రలో ఉన్నారు, డ్రైవర్ కూడా సగం నిద్రలోనే ఉన్నాడు. కస్టమ్స్ వైపు తిప్పకుండా నేరుగా ఫెర్రీ క్యూలోకి వెళ్ళిపోయాం. మూడో స్టాంపు పడలేదు. కొన్ని నెలలకి ఉత్తరం వచ్చింది: సామాను ఈయూలోనే ఉండిపోయినట్టు మా రికార్డులో ఉంది, సుంకం కట్టండి అని. బ్రిటన్‌లో దిగినప్పటి నాలుగో స్టాంపు ఉండబట్టి బయటపడ్డాం, అదీ రెగ్యులరైజేషన్ ఫీజు కట్టాక. ఆ టూర్‌లో నా వాటాకొచ్చిన డబ్బు దానికే సరిపోయింది. అప్పటినుంచి ఆ స్టాంపు బాధ్యత ఒక్కరికే అప్పగిస్తున్నాం, వాళ్ళకి ఆ రాత్రి బండి నడిపే పని ఉండదు.

పెద్ద ట్రక్ కిరాయికి తీసుకునేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. బ్రిటన్ ట్రక్ సామానుతో ఈయూలో దిగాక, అక్కడ ఇంకో రెండు రవాణాలు మాత్రమే చేసి వెనక్కి రావాలి. ప్యారిస్, ఫ్రాంక్‌ఫర్ట్, బార్సిలోనా అంటే సరిగ్గా సరిపోయింది. మధ్యలో ఎవరో ముచ్చటపడి నాలుగో ఊరికి పిలిస్తే ఆ ట్రక్‌తో కుదరదు. వాన్ అద్దెదైతే లాగ్‌బుక్‌కి బదులు వీఈ103 పత్రం కంపెనీ దగ్గర తీసుకోండి.

వీణ ఉంటే: చెక్క, దంతం

మన నూజివీడు, బొబ్బిలి వీణలు పనస చెక్కవి. చెక్కతో ఇబ్బంది లేదు. చిక్కల్లా తాతల నాటి వీణ మీద ఏనుగు దంతం పని ఉంటేనే. అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం కింద దానికి మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మూడేళ్ళు చెల్లుతుంది. బ్రిటన్ ఈయూలో ఉన్నప్పుడు ఇది లేకుండానే ప్యారిస్ వెళ్ళొచ్చాం. ఇప్పుడు సర్టిఫికెట్ ఉండాలి, పైగా దాన్ని పరిశీలించే వీలున్న పోర్టుల మీదుగానే వెళ్ళాలి. అన్ని విమానాశ్రయాలూ, స్టేషన్లూ ఆ జాబితాలో లేవు. టికెట్లు బుక్ చేసే ముందే ఆ జాబితా చూడండి.

రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, వాడిన వాద్యాలకి 2019 చివర్లో సడలింపు వచ్చింది. తయారైన వాద్యానికి పర్మిట్ అక్కర్లేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఈ సడలింపు లేదు. పాత గిటార్లు ఉన్నవాళ్ళు చూసుకోవాలి.

నా సలహా అడిగితే, దంతం పనితనం ఉన్న వీణ ఇంట్లోనే ఉంచి మామూలు వీణ తీసుకెళ్ళండి. నాదం కొంచెం తక్కువైనా ఫరవాలేదు, సరిహద్దు దగ్గర జప్తు అయితే మళ్ళీ రాదు.

పూలు, కొబ్బరికాయ, పెరుగన్నం

ఇది ఏ గైడులోనూ ఉండదు, మనకే కావాలి. బ్రిటన్ ఇప్పుడు ఈయూకి బయటి దేశం కాబట్టి మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకెళ్ళకూడదు. దారికి కట్టిన పెరుగన్నం, నెయ్యి సీసా పట్టుబడితే చెత్తబుట్టలోకే. పులిహోర కట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడూ అంతే: 2025 ఏప్రిల్ 12 నుంచి బ్రిటన్ కూడా ఈయూ నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వడం లేదు. అక్కడి చీజ్ అక్కడే తినేయండి.

తాజా పూలు, ఆకులు, చాలా రకాల పళ్ళకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. జడలోకి మల్లెలు, పూజకి తమలపాకులు వెంట తీసుకెళ్ళొద్దు. జడకి గుడ్డపూలు వాడండి. కొబ్బరికాయలకి, అరటిపళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. ఈయూ వేసిన ఐదు పళ్ళ చిన్న జాబితాలో ఆ రెండూ ఉన్నాయి. పూజకి కావలసినవే వదిలారని మా గురువుగారు తెగ సంతోషించారు.

డబ్బు

ఫీజు ఎంతని అడగడం కాదు, "పన్ను పోగా చేతికెంత?" అని అడగండి. కళాకారుడి ఆదాయం మీద ప్రదర్శన ఇచ్చిన దేశం కూడా పన్ను వేయొచ్చు, ఇది బ్రెగ్జిట్‌కి ముందూ ఉన్నదే. జర్మనీలో ఒక ప్రదర్శనకి 250 యూరోల లోపయితే పట్టుకోరు. దాటితే 15 శాతం, దానిమీద సాలిడారిటీ సర్‌చార్జ్, కలిపి 15.825 శాతం. స్పెయిన్‌లో ఈయూ నివాసులకి 19 శాతం, బయటివాళ్ళకి 24. మనం ఇప్పుడు బయటివాళ్ళమే. ఎంత పట్టుకున్నా దానికి సర్టిఫికెట్ తీసుకోండి, బ్రిటన్‌లో రిటర్న్ వేసేటప్పుడు చూపించుకోవచ్చు.

టీషర్టులు, సీడీలు అమ్ముదామనుకుంటే అది కార్నే కింద రాదు. అమ్మే సరుకు అంటే దిగుమతే, దానికి సుంకం, వ్యాట్ ఉంటాయి. బ్రిటన్, ఈయూ మధ్య సుంకం లేదు కదా అంటారు. అది బ్రిటన్‌లోనో ఈయూలోనో తయారైనవాటికే. తిరుప్పూర్‌లో కుట్టించి లండన్ తెప్పించుకున్న టీషర్టు మీద 12 శాతం పడుతుంది. ఇరవై టీషర్టుల కోసం ఇంత తిప్పలు నేను పడను. అక్కడే ప్రింట్ చేయించండి, లేదా పాటల లింకు ఉన్న కార్డు ఇవ్వండి.

ఇవన్నీ కలిపి ఒకసారి లెక్క చూసుకోండి: వీసాలు, కార్నే, పన్ను కోత, వాన్, సరిహద్దు ఆలస్యాలకి పెట్టుకున్న అదనపు రాత్రి హోటల్. చిన్న బృందానికి మూడు దేశాల టూర్ చాలాసార్లు గిట్టుబాటు కాదు. ఒకే దేశంలో మూడు ఊళ్ళు తిరగడం, సౌండ్ సామాను అక్కడే అద్దెకి తీసుకోవడం, చేత్తో మోసుకెళ్ళగలిగిన వాద్యాలతోనే వెళ్ళడం, ఈ మూడూ పాటిస్తే సగం కాగితాలు తగ్గిపోతాయి. మేం ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

అక్కడివాళ్ళని ఇక్కడికి పిలిస్తే

జర్మనీలో ఉండే వయొలిన్ విద్వాంసుణ్ణి లండన్ పిలవాలనుకోండి. ఈయూ పౌరుడైతే 2025 ఏప్రిల్ 2 నుంచి ముందే ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) తీసుకుని రావాలి. విజిటర్‌గా వచ్చిన కళాకారుడు డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వొచ్చు. కానీ ప్రోగ్రాం ముందే ఖాయమై, బ్రిటన్ సంస్థ ఆహ్వానం ఉండి, దిగిన 30 రోజుల్లోపు అయిపోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చే గురువుగారికైతే బ్రిటన్ విజిటర్ వీసా, షెంగెన్ వీసా రెండూ వేర్వేరుగా తీసుకోవాలి. ఆయన పాస్‌పోర్టు రెండు చోట్లా ఒకేసారి ఇవ్వలేరు, కాబట్టి ఇక్కడికి తెచ్చే తేదీ కంటే నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి.

బయల్దేరే ముందు రోజు, వచ్చిన మర్నాడు

ఒక ఫైల్ తయారుచేయండి. ఆహ్వాన పత్రాలు, ఒప్పందాలు, ఎ1 కాపీలు, హోటల్ బుకింగులు, తిరుగు ప్రయాణం టికెట్లు, కార్నే, వాద్యాల సర్టిఫికెట్లు, బండి పత్రాలు, ఇన్సూరెన్స్. ఇండియన్ పాస్‌పోర్టువాళ్ళు బ్రిటన్ ఈవీసా స్క్రీన్‌షాట్ కూడా పెట్టుకోవాలి, సరిహద్దు దగ్గర నెట్ రాకపోవచ్చు. ఆ ఫైల్ డిక్కీలో కాదు, ముందు సీట్లో ఉన్నవాళ్ళ ఒళ్ళో ఉండాలి.

ఇంటికొచ్చాక సామాను దించడానికి ముందే కార్నే తీసి నాలుగు స్టాంపులూ ఉన్నాయో లేదో చూసుకుని, ఇచ్చిన చాంబర్‌కి తిరిగి పంపించండి. పూచీ మొత్తం డిపాజిట్‌గా కట్టి ఉంటే, అది వెనక్కొచ్చేది ఆ తర్వాతే.